దొంగతనానికి ఇంగ్లిష్‌లో ఇన్ని మాటలెందుకు?

మా పిన్ని కొడుకు ఇంగ్లండ్‌లో మాస్టర్స్ చదివే రోజుల్లో ఒక సాయంత్రం క్లాసులు ముగించుకుని గదికొచ్చేసరికి కిటికీ అద్దం పగిలి ఉంది, బల్ల మీది ల్యాప్‌టాప్ లేదు, సొరుగులో దాచుకున్న పౌండ్లూ లేవు. వణుకుతూనే పోలీసులకు ఫోన్ చేసి "ఐ హావ్ బీన్ రాబ్డ్" అన్నాడు. అవతలి ఆవిడ వెంటనే దెబ్బలేమైనా తగిలాయా, వాడింకా అక్కడే ఉన్నాడా, చేతిలో కత్తి ఏమైనా ఉందా అని గబగబా అడగడం మొదలుపెట్టేసరికి వీడికి టెన్షన్ రెట్టింపైంది. ఇద్దరూ ఒకే సంగతి మాట్లాడుకోవడం లేదని తెలియడానికి కాసేపు పట్టింది. వీడు గదిలో లేనప్పుడు ఎవరో దూరి పట్టుకెళ్లారు, అంతే. ఆమె చెవికి మాత్రం ఎవడో ఎదురుగా నిలబడి బెదిరించి లాక్కున్నట్టు వినబడింది. ఆ రాత్రి నాకు ఫోన్ చేసి, "అన్నయ్యా, రాబరీ అంటే దొంగతనమే కదా?" అని అడిగాడు.

ఆ రోజు సరిగ్గా చెప్పలేకపోయాను. తర్వాత దాని వెంట పడి చదివిన కొద్దీ అర్థమైందేమిటంటే, మన చేతిలో ఉండే ఇంగ్లిష్-తెలుగు నిఘంటువులు స్టీల్, రాబ్, బర్గిల్, స్నాచ్, పిల్ఫర్, ఎంబెజిల్, లూట్ అన్నిటికీ దాదాపు ఒకటే అర్థం ఇచ్చి వదిలేస్తాయి. పర్యాయపదాల పుస్తకాలైతే అన్నిటినీ ఒకే వరుసలో పేర్చి, ఏది కావాలంటే అది తీసుకోవచ్చన్నట్టు మన ముందు పెడతాయి. అలా తీసుకుంటేనే చిక్కు. ఎవరి దగ్గర్నుంచి పోయింది, వాళ్లు చూస్తుండగా పోయిందా, తీసినవాడు పరాయివాడా నమ్మినవాడా, వాడి చేతిలో కర్ర ఉందా ప్రభుత్వ ముద్ర ఉందా, ఇవన్నీ ఆ ఒక్క మాటలోనే ఇమిడి ఉంటాయి. చెప్పేవాడు ఎవరి పక్షాన ఉన్నాడన్నది కూడా.

ముందు స్టీల్, రాబ్ సంగతి, ఎందుకంటే మనం ఎక్కువగా తడబడేది ఇక్కడే. స్టీల్ చేసేది వస్తువును. రాబ్ చేసేది మనిషిని, లేదా బ్యాంకు, దుకాణం లాంటి చోటును. అందుకే "మై పర్స్ వాజ్ రాబ్డ్" అంటే ఇంగ్లిష్‌వాళ్లకు వింతగా ఉంటుంది, పర్స్‌ను ఎవరో బెదిరించినట్టు. "మై పర్స్ వాజ్ స్టోలెన్" అనాలి, లేదంటే "ఐ వాజ్ రాబ్డ్" అనాలి. మనకు ఈ తప్పు ఎందుకు వస్తుందో ఆలోచిస్తే కారణం తెలుగులోనే దొరికింది. దోచుకోవడం అనే క్రియ మనకు రెండు వైపులా వంగుతుంది: ఇల్లు దోచుకున్నారు అంటాం, నగలు దోచుకున్నారు అంటాం, ప్రయాణికుల్ని దోచుకున్నారు అని కూడా అంటాం. ఆ అలవాటుతోనే రాబ్‌ని కూడా వాడేస్తాం.

స్టీల్‌లో అసలు ప్రాణం చప్పుడు చేయకపోవడం. స్టెల్త్ అనే మాట దాని తోబుట్టువే, రాడార్‌కు దొరకని యుద్ధవిమానాలకు ఇప్పుడు వాడుతున్నామే, ఆ స్టెల్త్‌కు మొదట్లో ఉన్న అర్థం దొంగతనమే. రాబ్ దీనికి పూర్తిగా ఎదురు, అందులో బలప్రయోగం ఉంటుంది, బాధితుడికి ఆ క్షణంలోనే తెలుస్తుంది. ఇంగ్లండ్‌లో 1968 నాటి థెఫ్ట్ యాక్ట్ కూడా ఇదే గీత గీసింది: దొంగిలించడానికి కాస్త ముందుగానీ ఆ సమయంలోగానీ బలం వాడినా, బలం వాడతానని భయపెట్టినా అది రాబరీ. మన చట్టంలోనూ అంతే, థెఫ్ట్‌కు దౌర్జన్యం తోడైతే రాబరీ.

రాబ్ కుటుంబం చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. రోబ్, అంటే పట్టాభిషేకాల్లోనూ కోర్టుల్లోనూ వేసుకునే ఆ పొడుగాటి అంగీ, దీని బంధువే. పాత ఫ్రెంచ్‌లో రోబ్ అంటే ముందు దోచుకొచ్చిన సొమ్ము, ఆ సొమ్ములో బట్టలే విలువైనవి కాబట్టి నెమ్మదిగా బట్టకే ఆ పేరు స్థిరపడింది. ఇదే కుదురు నుంచి వచ్చిన ఇంకో మాట నన్ను చాలాసేపు కదలనివ్వలేదు: బిరీవ్డ్. అయినవాళ్లను పోగొట్టుకున్న కుటుంబాన్ని ఇంగ్లిష్‌లో బిరీవ్డ్ ఫ్యామిలీ అంటారు కదా, పాత ఇంగ్లిష్‌లో ఆ క్రియకు అర్థం బలవంతంగా లాక్కోవడం. అంటే చనిపోయినవాళ్ల తాలూకు మనుషులు దోపిడీకి గురైనవాళ్లన్నమాట. మన పత్రికలు "మృత్యువు కబళించింది" అని రాస్తాయి. మనకు చావు నోట్లో వేసుకునేది, వాళ్లకు చేతిలోంచి గుంజుకుపోయేది.

ఇక మా తమ్ముడికి నిజంగా జరిగింది బర్గ్లరీ. దొంగతనం ఉద్దేశంతో కట్టడంలోకి దూరడం అందులో ముఖ్యం. పాత ఇంగ్లిష్ న్యాయం ఇంకా పట్టుగా ఉండేది, అది నివాసముండే ఇల్లు కావాలి, తలుపో కిటికీయో ఛేదించి లోపలికి రావాలి, పైగా రాత్రి పూటే కావాలి, పగలు దూరితే వేరే పేరు. తమాషా ఏమిటంటే బర్గ్లర్ అనే మాట వందల ఏళ్లుగా ఉన్నా బర్గిల్ అనే క్రియ 19వ శతాబ్దం రెండో సగంలో గానీ పుట్టలేదు. దొంగ పేరు ముందు, వాడి పని పేరు తర్వాత. అమెరికావాళ్లు బర్గిల్ బదులు బర్గ్లరైజ్ అంటారు.

మన పీనల్ కోడ్ రాసినవాళ్లు బర్గ్లరీ అనే మాట వాడలేదు, హౌస్ బ్రేకింగ్ అన్నారు. 1860 నాటి ఆ చట్టంలో 445వ సెక్షన్ కింద ఇచ్చిన మొట్టమొదటి ఉదాహరణ, ఒకడు ఇంటి గోడకు రంధ్రం చేసి అందులోంచి చెయ్యి లోపలికి పెట్టడం. అచ్చంగా మన కన్నం! తెలుగులో కన్నం వేయడం అనే మాట ఉండగా బర్గ్లరీని "దొంగతనం" అని చప్పగా అనువదించడం నాకు నచ్చదు. తాళాలు పగలగొట్టి దూరినా ఊళ్లో "ఇంటికి కన్నం వేశారు" అనే అంటారు కాబట్టి ఆ మాట ఇప్పటికీ పనికొస్తుంది.

నమ్మకంతో అప్పగించిన సొమ్మును నొక్కేయడానికి ఇంగ్లిష్‌లో ఎంబెజిల్ అని వేరే మాట ఉంది, దాని వెనుక మంచి కథ కూడా ఉంది. 1799లో లండన్‌లో ఒక బ్యాంకు గుమాస్తా, ఖాతాదారు జమ చేయమని ఇచ్చిన డబ్బులోంచి వంద పౌండ్ల నోటును గల్లాపెట్టెలో వేయకుండా జేబులో పెట్టుకున్నాడు. దొరికిపోయాడు. కానీ న్యాయమూర్తులకు పెద్ద సందేహం వచ్చింది. అప్పటి లెక్క ప్రకారం దొంగతనమంటే ఒకరి స్వాధీనంలో ఉన్నదాన్ని తీసుకోవడం, ఈ నోటు బ్యాంకు స్వాధీనంలోకి ఎప్పుడూ రాలేదు, ఖాతాదారు చేతిలోంచి నేరుగా గుమాస్తా చేతిలోకి వచ్చింది, అదీ ఆయన ఇష్టపడి ఇచ్చాడు. కాబట్టి అది దొంగతనం కాదన్నారు. పార్లమెంటు అదే ఏడాది ఎంబెజిల్‌మెంట్‌కు ప్రత్యేకంగా చట్టం చేయాల్సి వచ్చింది. తలుపు పగలగొట్టిన వాడికీ నమ్మి తాళంచెవి ఇస్తే అందుకున్నవాడికీ ఒకే పేరు సరిపోదని తేలడానికి ఒక నోటు చాలింది.

తెలుగులో దీనికి వాడే మాటలన్నీ తిండి చుట్టూ తిరుగుతాయి, గమనించారా? సొసైటీ డబ్బు మింగేశాడు, తినేశాడు, స్వాహా చేశాడు. బయటి దొంగ ఎత్తుకుపోతాడు, లోపలి దొంగ మింగేస్తాడు. ఒకేసారి కోట్లు కాకుండా స్టోర్‌రూమ్‌లోంచి రోజుకో సబ్బు, ఆఫీసులోంచి నాలుగు పెన్నులు జేబులో వేసుకుపోయే చిల్లర అలవాటుకు ఇంగ్లిష్‌లో పిల్ఫర్. దీనికి "చేతివాటం" కన్నా మంచి తెలుగు ఉండదు. పర్లాయిన్ అని ఇంకోటుంది, దూరంగా తప్పించడం దాని మూలార్థం, ఇప్పుడు అది పుస్తకాల్లో తప్ప మాటల్లో పెద్దగా వినబడదు.

ఇంగ్లండ్ వీధుల్లో వినబడేవి నిక్, పించ్. ఈ రెండిట్లో ఒక విచిత్రం ఉంది, దొంగ ఫోన్ కొట్టేసినా నిక్ చేశాడంటారు, పోలీసులు ఆ దొంగను పట్టుకున్నా నిక్ చేశారంటారు, జైలును కూడా ద నిక్ అంటారు. పించ్‌కీ ఆ రెండు అర్థాలూ ఉన్నాయి. మొదట వింతగా అనిపించింది గానీ మనమూ అంతే కదా, దొంగలు బండి ఎత్తుకెళ్లారు అంటాం, అర్ధరాత్రి పోలీసులొచ్చి మనిషిని ఎత్తుకెళ్లారు అంటాం. చెప్పాపెట్టకుండా తీసుకుపోవడం రెండిట్లోనూ ఉంది మరి.

గ్రాబ్, స్నాచ్, సీజ్ అనే మూడూ ఇంకో గుంపు. ఇవి పుట్టుకతో దొంగతనపు మాటలు కావు, చేతి కదలికను చెప్పే మాటలు. గ్రాబ్ అంటే చటుక్కున అందుకోవడం, తప్పో ఒప్పో అందులో లేదు, అందుకే "గ్రాబ్ ఎ కాఫీ" అంటారు. సంస్కృతంలో వేదకాలపు గృభ్ ధాతువుకు దీనితో చుట్టరికం ఉందని భాషాచరిత్ర రాసేవాళ్లు చెబుతారు, మన గ్రహించడం, గ్రహణం, పాణిగ్రహణం వచ్చింది అక్కడి నుంచే. గ్రహణం పట్టింది, విడిచింది అంటాం చూడండి, ఆ పట్టడమే. పట్టుకోవడం నుంచి అర్థం చేసుకోవడం దాకా మాట నడిచి వెళ్లడం రెండు భాషల్లోనూ జరిగింది, ఇంగ్లిష్‌లో గ్రాస్ప్, యాప్రిహెండ్ కూడా అలాంటివే. స్నాచ్‌లో ఆ వేగానికి తోడు అవతలివాళ్ల చేతిలోంచో మెడలోంచో లాక్కోవడం ఉంటుంది.

మన దగ్గర స్నాచింగ్ అనగానే గుర్తొచ్చేది చైన్ స్నాచింగ్. పొద్దున్నే ముగ్గు వేస్తున్న ఆవిడ మెడలోంచి బైక్ మీద వచ్చి పుస్తెలతాడు తెంపుకుపోతారు. ఇది చాటుగా జరిగే థెఫ్ట్ లాంటిది కాదు, అలాగని ప్రతిసారీ రాబరీ అని నిలబెట్టడమూ కష్టం, ఎందుకంటే దెబ్బ తగలాలి, లేదా అప్పటికప్పుడు దెబ్బో చావో తప్పదన్న భయం పుట్టించాలి. గొలుసు క్షణంలో పోయింది, ఆమె ఇంకా ఏం జరిగిందో తెలుసుకోలేదు, మరి దీన్ని ఏమనాలి? 1860 నాటి పీనల్ కోడ్‌లో దీనికి విడిగా పేరు లేదు. ఆ కోడ్ స్థానంలో 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 304వ సెక్షన్‌లో స్నాచింగ్‌ను దేశమంతటికీ సొంత పేరుతో నేరంగా రాసింది. హఠాత్తుగా గానీ, వేగంగా గానీ, బలవంతంగా గానీ సీజ్ చేసినా, సెక్యూర్ చేసినా, గ్రాబ్ చేసినా, తీసుకుపోయినా అని ఆ నిర్వచనంలో క్రియలు వరుసగా ఉంటాయి. పర్యాయపదాల పుస్తకం తెరిచి పక్కన పెట్టుకుని రాశారా అనిపిస్తుంది గానీ ఏ మాట సందులోంచీ నిందితుడు జారిపోకూడదన్నది అక్కడి జాగ్రత్త.

గ్రాబ్ తెలుగునేల మీద ఇంకో పెద్ద పని చేసింది. మన నేర చట్టం ప్రకారం థెఫ్ట్ అనేది కదిలే ఆస్తికే వర్తిస్తుంది. చెట్టు నేలలో ఉన్నంతవరకు దాన్ని దొంగిలించలేరు, నరికిన క్షణం నుంచి దొంగిలించవచ్చు. మరి నేల? అది కదలదు కాబట్టి చట్టం దృష్టిలో ఎకరం పొలాన్ని ఎవరూ "దొంగిలించలేరు". రాత్రికి రాత్రి ప్రహరీ కట్టేసి, దొంగ కాగితాలు పుట్టించి స్థలం లాగేసుకునే వాళ్లకు పేరు పెట్టడానికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1982లో ల్యాండ్ గ్రాబింగ్ నిషేధ చట్టం తెచ్చింది. మనం మామూలుగా కబ్జా అంటాం, అరబ్బీ నుంచి ఉర్దూ మీదుగా వచ్చిన ఆ మాటకీ మూలార్థం పిడికిట్లో బిగించడమే. అంటే గ్రాబ్, కబ్జా ఒకే చేతి కదలికకు రెండు పేర్లు, అనువాదం ఇంత చక్కగా కుదరడం అరుదు.

సీజ్ చేసేది ఎక్కువగా అధికారం. పోలీసులు సరుకు సీజ్ చేస్తారు, కాన్ఫిస్కేట్ చేస్తారు. ఈ రెండో మాటలో దాగి ఉన్న లాటిన్ ఫిస్కస్‌కు అర్థం బుట్ట, తర్వాత రాజుగారి ఖజానా. నీ సొమ్ము రాజు బుట్టలోకి వెళ్లిందన్నమాట. వస్తువు పోగొట్టుకున్నవాడికి రెండింటికీ తేడా ఏముందని మీరు అడగొచ్చు. రసీదు ఉంటుంది, కోర్టులో అడిగే దారి ఉంటుంది, అదే తేడా. ఆ రసీదు ఇవ్వనప్పుడు జప్తు అనే గౌరవమైన మాటను అనుమానించాల్సిందే.

ఇంతకీ మన దగ్గర్నుంచి ఇంగ్లిష్‌వాళ్లు మాటలు కూడా పట్టుకెళ్లారు. లూట్ అన్నది హిందీ లూట్, 18వ శతాబ్దం చివరికి కంపెనీ మనుషుల నోట ఇంగ్లిష్‌లో చేరింది. థగ్ మన ఠగ్గే, 1830ల్లో బ్రిటిష్ అధికారి స్లీమన్ ఠగ్గుల మీద సాగించిన వేటతో అక్కడ అందరికీ తెలిసింది. డెకాయిట్ అంటే డకైత్, ఐదుగురో అంతకన్నా ఎక్కువమందో కలిసి చేస్తేనే డెకాయిటీ, నలుగురైతే రాబరీయే. లూట్ కంటే ముందు ఆ పనికి వాళ్లు వాడుకున్న ప్లండర్ కూడా అరువు మాటే, జర్మన్ నేలల మీద ముప్పై ఏళ్ల యుద్ధం నడిచిన కాలంలో, అంటే 1618, 1648 మధ్య, సైనికుల వెంట వచ్చింది.

లూట్ అన్న మాటలో ఇప్పుడు తీర్పు కూడా ఉంది. 2005లో కత్రినా తుపానుకు న్యూ ఓర్లీన్స్ మునిగినప్పుడు రెండు వార్తాసంస్థల ఫోటోలు వచ్చాయి. రెండిట్లోనూ ఛాతీ లోతు నీళ్లలో మనుషులు తినేవీ తాగేవీ పట్టుకుని నడుస్తున్నారు. నల్లజాతి యువకుడి ఫోటో కింద కిరాణా కొట్టును లూట్ చేసి వస్తున్నాడని ఉంది, తెల్లవాళ్లిద్దరి ఫోటో కింద బ్రెడ్డూ సోడా "దొరికాక" వస్తున్నారని ఉంది. ఒక ఫోటోగ్రాఫర్ కుర్రాడు కొట్టులోకి వెళ్లడం కళ్లారా చూశానన్నాడు, రెండో ఆయన సరుకులు బయట నీళ్లలో తేలుతున్నాయన్నాడు, కావచ్చు. కానీ చదివినవాళ్లకు అందింది ఆ రెండు క్రియలే. ఆకలితో ఉన్న ఇద్దరికి రెండు వేర్వేరు క్రియలు వేసిన ఆ ఉదంతం తలుచుకుంటే ఇప్పటికీ మనసుకు కష్టంగా ఉంటుంది.

కోహినూర్ విషయంలో ఇదే ఆట రాజుల స్థాయిలో జరిగింది. మన కృష్ణా తీరంలోని కొల్లూరు గనుల్లో దొరికిందని చెప్పుకునే ఆ వజ్రం 1849 లాహోర్ ఒప్పందంలో ఒక్క వాక్యంలో చేతులు మారింది, ఆ వాక్యం చూడండి: షా షుజా (ఆఫ్ఘన్ పాలకుడు) నుంచి రంజిత్ సింగ్ "తీసుకున్న" కోహినూర్‌ను లాహోర్ మహారాజు ఇంగ్లండ్ రాణికి "సరెండర్" చేయాలి. అవతలివాడు తీసుకుంటే టేకెన్, మనం తీసుకుంటే సరెండర్డ్. ఆ సరెండర్ చేసిన మహారాజు దులీప్ సింగ్‌కు అప్పుడు పదేళ్లు. 2016లో మన సొలిసిటర్ జనరల్ సుప్రీంకోర్టులో అది దొంగిలించిన వస్తువు కాదని చెప్పినప్పుడు దేశమంతా గగ్గోలు పుట్టి, స్నేహపూర్వకంగా వెనక్కి తెచ్చే ప్రయత్నం చేస్తామని ప్రభుత్వం చెప్పాల్సి వచ్చింది. న్యాయ పరిభాషలో స్టోలెన్ అనడం కష్టమే కావచ్చు. పదేళ్ల పిల్లవాడి రాజ్యాన్ని స్వాధీనం చేసుకుని, వాడి చేత ఇప్పించుకున్నదాన్ని సరెండర్ అనడం మాత్రం నా దృష్టిలో అబద్ధం, బెదిరించి గుంజుకోవడానికి ఎక్స్‌టార్షన్ అనే మాట ఇంగ్లిష్‌లో ఉండనే ఉంది.

తిరిగి ఇచ్చేస్తే దొంగతనమేనా అన్నది ఇంకో చిక్కు. ఇంగ్లండ్ చట్టంలో థెఫ్ట్ అంటే శాశ్వతంగా పోగొట్టాలన్న ఉద్దేశం ఉండాలి. ఎవరి కారో తీసుకుని ఊరంతా తిరిగి వదిలేసిన కుర్రాళ్ల మీద అందుకే థెఫ్ట్ నిలవదు, వాళ్ల కోసం విడిగా ఒక నేరం పెట్టారు, టేకింగ్ వితౌట్ ఓనర్స్ కన్సెంట్ అన్న దాని పొడి అక్షరాలతో ట్వాక్ అనే వీధిమాట కూడా పుట్టింది. మన దేశంలో అలా కాదు. ఒక వైమానికదళ శిక్షణార్థి అనుమతి లేకుండా జోధ్‌పూర్ నుంచి విమానం ఎక్కి పాకిస్తాన్‌లో దిగిన కేసులో, తాత్కాలికంగా తీసుకున్నా థెఫ్టేనని 1957లో సుప్రీంకోర్టు తేల్చింది.

అసలు తీసుకోనే తీసుకోకపోతే? ఇంగ్లండ్‌లో ఒక విద్యార్థి పరీక్షకు ముందే ప్రశ్నపత్రం సంపాదించి చదువుకున్నాడు, కాగితం దాచుకునే ఉద్దేశం లేదు. 1970ల చివర్లో కోర్టు దాన్ని థెఫ్ట్ కాదంది, సమాచారం ఆస్తి కాదు కాబట్టి. ఇప్పటి డేటా చోరీ అంతా ఈ ప్రశ్నపత్రం బాపతే, నీ ఫైలు నీ దగ్గరే ఉంటుంది, ఇంకొకడి దగ్గరా ఉంటుంది. మన ఐటీ చట్టం 43వ సెక్షన్ అందుకే డౌన్‌లోడ్ చేయడం, కాపీ చేయడం అని విడివిడిగా రాసుకొచ్చింది. రాతలు కాపీ కొట్టడాన్ని ప్లేజియరిజం అంటారు కదా, లాటిన్‌లో ప్లేజియారియస్ అంటే మనుషుల్ని ఎత్తుకుపోయేవాడు, తన పద్యాలను సొంతం చేసుకున్న ఇంకో కవిని మార్షియల్ అనే రోమన్ కవి ఆ మాటతో తిట్టాడు. తన పిల్లల్ని ఎత్తుకుపోయినట్టే అనిపించింది కాబోలు.

ఓటీపీ చెప్పి డబ్బు పోగొట్టుకున్నవాళ్లు "నా డబ్బు దొంగిలించారు" అంటారు, బాధలో అది సహజం. చట్టం లెక్కలో ఇది చీటింగ్ వైపు, ఫ్రాడ్ వైపు వెళుతుంది, ఎందుకంటే మాయమాటలు నమ్మించి మీ చేతే ఇప్పించుకున్నారు. అలా జరిగితే ముందు సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, ఆలస్యం చేయొద్దు. తర్వాత ఫిర్యాదు రాసేటప్పుడు థెఫ్టా, రాబరీయా, ఫ్రాడా అని మాట కోసం వెతుక్కుంటూ కూర్చోకుండా, ఎన్ని గంటలకు ఫోన్ వచ్చింది, ఏం చెప్పాడు, మీరేం నొక్కారు, ఏ ఖాతాలోంచి ఎంత పోయింది అని వరుసగా తెలుగులోనే రాయండి. పేరు పెట్టే పని స్టేషన్‌లో వాళ్లు చూసుకుంటారు.